పరకాల రోడ్డు మీద మొదటి గంట



వరికోతలు మొదలయ్యాయంటే పరకాల చుట్టుపక్కల రోడ్లలో సగం కల్లాలైపోతాయి. ఒక పక్క పొడుగునా వడ్లు ఆరబోస్తారు. పొద్దుగూకాక వాటి మీద పరదాలు కప్పుతారు, గాలికి లేవకుండా అంచుల మీద బండరాళ్లు పెడతారు. ఎదురుగా వచ్చే లారీ లైట్లు కళ్లలో పడినప్పుడు బైకు మీద వచ్చేవాడికి ఆ నల్లటి పరదా కనబడదు, ఆ రాయీ కనబడదు. అదే రోడ్డు మీద భూపాలపల్లి నుంచి బొగ్గు లారీలు, గోదావరి వైపు నుంచి ఇసుక లారీలు తిరుగుతుంటాయి. పత్తి ఏరడానికి, మిరప కోయడానికి కూలీలను కుక్కుకుని పోయే ట్రాలీ ఆటోలు తిరుగుతుంటాయి. మహారాష్ట్రలోని సాకోలి దగ్గర మొదలై గడ్చిరోలి, సిరోంచ, మహదేవపూర్, భూపాలపల్లి, పరకాల మీదుగా ఆత్మకూరు దాకా వచ్చే 353సీ జాతీయ రహదారి ఇది.

ఎముకల వైద్యం రేపు ఎట్లా ఉండబోతోందని అడిగితే ఈ రోజుల్లో ఎక్కువమందికి గుర్తొచ్చేది రోబో. హైదరాబాదులో మోకాలి కీలు మార్పిడికి రోబో వాడుతున్నామన్న హోర్డింగులు ఫ్లైఓవర్ల పక్కన కనబడతాయి. అరిగిపోయిన మోకాలితో ఏళ్ల తరబడి బాధపడిన మనిషి మళ్లీ నడుస్తుంటే సంతోషించని వాళ్లుండరు. కానీ పరకాల మనిషికి ఎముకల వైద్యం భవిష్యత్తు ఆపరేషన్ థియేటర్లో మొదలు కాదు. రోడ్డు మీద పడ్డ క్షణంలో మొదలవుతుంది. పరకాల నుంచి వరంగల్ ఎంజీఎం దవాఖానకు ఇంచుమించు ముప్పై అయిదు కిలోమీటర్లు. ఆ ముప్పై అయిదు కిలోమీటర్లలో ఏం జరుగుతుందన్నదాని మీదనే కాలు నిలుస్తుందా, మనిషి నిలుస్తాడా అన్నది తేలుతుంది.

ఇప్పుడు జరిగేది చాలామందికి తెలిసిందే. బైకు పడుతుంది. నలుగురు ఉరికొస్తారు. వాళ్లకు మంచి మనసుంది, ఆత్రం కూడా ఉంది. "లేపుండ్రి, లేపుండ్రి" అంటారు. ఒకరు చంకల్లో చేతులు పెడతారు, ఒకరు కాళ్లు పడతారు. విరిగిన తొడ మధ్యలో వంగిపోతుంది. ఎవరో నీళ్ల బాటిల్ నోటికి పెడతారు. ఆటోలో వెనక సీటు మీద పడుకోబెడితే కాలు బయటికి వేలాడుతుంది, దారి పొడుగునా ప్రతి గుంతకూ ఊగుతుంది. విరిగిన ఎముక అంచు కత్తిలాంటిది. ఊగిన ప్రతిసారీ లోపల కండను, రక్తనాళాలను కోస్తుంది. పెద్ద మనిషి ఒంట్లో రక్తం అయిదు లీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. ఒక్క తొడ ఎముక విరిగితే లీటరు నుంచి లీటరున్నర దాకా తొడ లోపలే కారిపోవచ్చు. బయటికి చుక్క కనబడదు. కటి ఎముక విరిగితే అంతకన్నా ఎక్కువ పోతుంది. మనిషి మాట్లాడుతూనే ఉంటాడు, "ఏం కాలే, కాలే కదా ఇరిగింది" అనుకుంటారు. దారిలో ఊరుగొండ దాటేసరికి చెమటలు పడతాయి, మాట తడబడుతుంది.

ఇక్కడ ఒక పాత సంగతి చెప్పుకోవాలి. పంతొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో హ్యూ ఓవెన్ థామస్ అనే వైద్యుడుండేవాడు. తండ్రి ఇవాన్ థామస్ డాక్టరు కాడు, కట్టు కట్టేవాడు. వాళ్లది తరతరాలుగా ఎముకలు సరిచేసే కుటుంబం. కొడుకు వైద్యం చదివి, తండ్రి చేతి పనితనాన్ని, తాను చదివిన శాస్త్రాన్ని కలిపి కాలు కదలకుండా పట్టి ఉంచే ఒక ఇనుప చట్రం తయారుచేశాడు. తొడ మొదట్లో ఒక వలయం, అక్కడి నుంచి పాదం దాటేదాకా రెండు కడ్డీలు, అంతే. ఆయన బతికుండగా దాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో తూటా తగిలి తొడ ఎముక విరిగిన సైనికులు పదిమందిలో ఎనిమిదిమంది దాకా చనిపోతుంటే, ఆయన దగ్గర పని నేర్చిన రాబర్ట్ జోన్స్ ఆ చట్రాన్ని యుద్ధభూమికి తెచ్చాడు. స్ట్రెచర్ మోసేవాళ్లకు కళ్లకు గంతలు కట్టి మరీ దాన్ని బిగించడం నేర్పారు, చీకట్లో కూడా తప్పు రాకూడదని. 1917 నాటికి ఆ మరణాలు వందకు ఇరవై లోపుకు దిగాయని సైనిక వైద్యులు రాశారు. కొత్త మందేమీ రాలేదు. పెనిసిలిన్ అప్పటికి ఇంకా పుట్టలేదు. కాలు కదలకుండా కట్టడం అనే పనిని ఆస్పత్రి నుంచి దెబ్బ తగిలిన చోటికి తెచ్చారు.

ఆ పనికి మన దగ్గర ఏం కావాలి? రెండు కర్రలు, నాలుగు తువ్వాళ్లు. తొడ విరిగితే పొడుగు కర్ర చంక కింది నుంచి మడమ దాటేదాకా రావాలి. కర్ర దొరక్కపోతే విరిగిన కాలిని బాగున్న కాలికే జత చేసి, మధ్యలో గుడ్డ పెట్టి, తొడ దగ్గర, మోకాలి కింద, చీలమండల దగ్గర కట్టేయవచ్చు. ఎముక బయటికి పొడుచుకొస్తే లోపలికి నెట్టకూడదు, మట్టి గానీ పసుపు గానీ పెట్టకూడదు, శుభ్రమైన గుడ్డ కప్పి ఉంచాలి. రక్తం కారుతుంటే అరచేత్తో గట్టిగా అదిమి పట్టాలి, మాటిమాటికీ తీసి చూడకూడదు. నీళ్లు తాగించకూడదు. స్పృహ సరిగా లేని మనిషికి అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి, వెంటనే ఆపరేషన్ చేయాల్సి వస్తే మత్తు ఇవ్వడం కష్టమవుతుంది.

ఇవి తెలిసినవాళ్లు పరకాల పక్కనే ఉన్నారు. భూపాలపల్లి సింగరేణి గనుల్లో దిగే కార్మికులకు ప్రథమ చికిత్స కొత్త కాదు. గనిలో శిక్షణ పొందిన మనుషులు, స్ట్రెచర్లు, కట్టుసామాను ఉండాలని గనుల నిబంధనలే చెబుతాయి. భూమి కింద దెబ్బ తగిలిన మనిషికి ఉన్న ఈ హక్కు, అదే మనిషి డ్యూటీ దిగి బైకెక్కి రోడ్డు మీదికి రాగానే లేకుండా పోతుంది. ఎక్కువ ప్రమాదాలు జరిగే మలుపుల దగ్గరి టీకొట్ల వాళ్లకు, పెట్రోలు బంకుల్లో పనిచేసే పిల్లలకు, ఆటో డ్రైవర్లకు, పంచాయతీ ట్రాక్టర్ నడిపేవాళ్లకు ఈ నాలుగు పనులు నేర్పడానికి కోట్లు అక్కర్లేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక రోజు చాలు, ఏడాదికోసారి మళ్లీ గుర్తుచేస్తే చాలు.

"కేసు మన మీదికి వస్తది" అన్న భయం ఇంకా పోలేదు. సాయం చేసినవాళ్లను వేధించకూడదని సుప్రీంకోర్టు 2016 మార్చిలోనే స్పష్టంగా చెప్పింది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు 134ఏ సెక్షన్ చేర్చారు. గాయపడినవాడికి మంచి ఉద్దేశంతో సాయం చేసినవాళ్ల మీద సివిల్ కేసు గానీ క్రిమినల్ కేసు గానీ ఉండదు, పేరు చెప్పమని బలవంతం చేయకూడదు. మొదటి గంటను 'గోల్డెన్ అవర్' అంటూ చట్టమే గుర్తించింది. 2025 మే నెలలో కేంద్రం తెచ్చిన పథకం ప్రకారం రోడ్డు ప్రమాదంలో గాయపడిన వారికి మొదటి ఏడు రోజులు లక్షన్నర రూపాయల దాకా నగదు లేకుండా వైద్యం అందాలి. ఇవి ఊరి చావిడి దాకా చేరలేదు. చేరిస్తే ఎన్ని చేతులు ముందుకొస్తాయో!

తెలుగు నేల ఈ విషయంలో దేశానికి దారి చూపిందని కూడా చెప్పుకోవాలి. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో 108 అంబులెన్సు సేవ మొదలైంది. తర్వాత ఎన్నో రాష్ట్రాలు దాన్నే అందుకున్నాయి. అంతకుముందు దెబ్బ తగిలినవాడిని ఎత్తుకుపోవడానికి ఎడ్లబండో, జీపో, బతిమాలుకుంటే ఆగిన లారీయో దిక్కు. ఇప్పుడు ఫోను చేస్తే బండి వస్తుంది, అందులో శిక్షణ ఉన్న మనిషి ఉంటాడు. ఇక ముందు ఆ బండి ఏం మోసుకొస్తుంది, మనిషిని ఎక్కడికి తీసుకుపోతుంది అన్నవి తేలాలి.

ఏం మోసుకురావాలో చెప్పడానికి ఒక మందు కథ ఉంది. జపాన్‌లో ఉతాకో ఒకమోటో అనే శాస్త్రవేత్త, ఆమె భర్త షోసుకే కలిసి 1960ల మొదట్లో ట్రానెక్సామిక్ యాసిడ్ కనిపెట్టారు. కాన్పు తర్వాత రక్తస్రావంతో చనిపోయే తల్లులను కాపాడాలన్నది ఆమె తపన. గడ్డకట్టిన రక్తం కరిగిపోకుండా ఆపే మందు అది. చాలా ఏళ్లు దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. 2010లో క్రాష్-2 పేరుతో 40 దేశాల్లో, ఇరవై వేలకు పైగా గాయపడినవారి మీద జరిగిన పరిశోధన ఫలితాలు వచ్చాయి. దెబ్బ తగిలిన మూడు గంటల లోపు ఇస్తే ప్రాణాలు నిలుస్తున్నాయి, ఎంత ముందు ఇస్తే అంత మంచిది, మూడు గంటలు దాటాక ఇస్తే మేలు లేకపోగా కీడు చేయవచ్చు. ఆ పరిశోధనలో భారతీయ ఆస్పత్రులూ ఉన్నాయి. ఖరీదైన మందు కాదు. పరకాల సర్కారు దవాఖానలో ఇచ్చేదానికీ, వరంగల్ చేరాక ఇచ్చేదానికీ మధ్య తేడా మనిషి ప్రాణమే కావచ్చు.

ఇక ఎక్కడికి తీసుకుపోవాలి? 1976 ఫిబ్రవరిలో అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రంలో ఒక చిన్న విమానం పొలాల్లో కూలింది. దాన్ని నడుపుతున్న జేమ్స్ స్టైనర్ ఎముకల సర్జన్. భార్య అక్కడికక్కడే చనిపోయింది. నలుగురు పిల్లల్లో ముగ్గురికి ప్రాణాపాయం. దారినపోయే కారును ఆపి పిల్లలను దగ్గరి చిన్న ఊరి ఆస్పత్రికి తీసుకుపోతే అక్కడివాళ్లకు ఏది ముందు చూడాలో తెలియలేదు. వాళ్లు చెడ్డవాళ్లు కాదు, ఎవరూ నేర్పలేదు. ఆ దుఃఖంలోంచి స్టైనర్, ఆయన తోటి డాక్టర్లు కలిసి 1978లో ఒక శిక్షణ తయారుచేశారు. ముందు ఊపిరి దారి, తర్వాత శ్వాస, తర్వాత రక్తం, ఆ తర్వాతే విరిగిన ఎముక. ఏటీఎల్ఎస్ అనే పేరుతో ఈ రోజు ప్రపంచమంతా డాక్టర్లు నేర్చుకునే క్రమం అదే. చిన్న ఊరి డాక్టరు కోసమే పుట్టిన విద్య అది. పరకాల లాంటి చోట రాత్రి డ్యూటీలో ఉండే యువ డాక్టరుకూ, నర్సుకూ అది రావాలి. అక్కడ అరగంట ఆగి ఊపిరి సరిచేసి, సెలైన్ ఎక్కించి, కాలు కట్టి, ఎంజీఎంకు ముందే ఫోను చేసి పంపితే ఆ మనిషి వరంగల్ చేరేసరికి థియేటర్ సిద్ధంగా ఉంటుంది.

ఎంజీఎం మీద ఉన్న బరువు చిన్నది కాదు. ఉమ్మడి వరంగల్ ఒక్కటే కాదు, చుట్టుపక్కల జిల్లాల నుంచీ, అటు ఛత్తీస్‌గఢ్ సరిహద్దు నుంచీ మనుషులు అక్కడికే వస్తారు. పాత సెంట్రల్ జైలు స్థలంలో 24 అంతస్తుల సూపర్ స్పెషాలిటీ ఆస్పత్రికి 2021లో శంకుస్థాపన జరిగింది. భూపాలపల్లిలో 2023లో, ములుగులో 2024లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. అంటే ఎముకల సర్జన్లు ఇప్పుడు పరకాలకు రెండు వైపులా ఉంటారు. చేయి విరిగిన ప్రతివాడినీ వరంగల్‌కు పంపకుండా, మామూలుగా విరిగిన ఎముకలను దగ్గర్లోనే చూసి, కటి ఎముక, వెన్నెముక, తల దెబ్బల లాంటివి మాత్రమే పెద్దాస్పత్రికి పంపగలిగితే అక్కడా ఊపిరి ఆడుతుంది. 24 అంతస్తులకన్నా ఈ పంపకం ముఖ్యం.

దూరం పోకుండానే మంచి ఆపరేషన్ జరుగుతుందా? జరుగుతుంది. విరిగిన పొడుగు ఎముక లోపల కడ్డీ దించే పద్ధతిని జర్మనీ సర్జన్ గెర్హార్డ్ కుంచర్ రెండో ప్రపంచ యుద్ధ కాలంలో వాడుకలోకి తెచ్చాడు. అప్పటిదాకా నెలల తరబడి మంచంలో బరువులు కట్టుకుని పడుకున్నవాళ్లు రోజుల్లో లేచి నడిచారు. తర్వాత ఆ కడ్డీకి పైనా కిందా బోల్టులు బిగించే పద్ధతి వచ్చింది. దానికి థియేటర్లో ఎక్స్‌రే తెర కావాలి, అది ఖరీదు. వియత్నాం యుద్ధంలో పనిచేసిన లూయిస్ జర్కిల్ అనే అమెరికన్ సర్జన్ ఆ తెర లేకుండానే బోల్టు రంధ్రం దొరికే కడ్డీ తయారుచేయించి, 1999లో సైన్ అనే సంస్థ పెట్టి పేద దేశాల ఆస్పత్రులకు ఇవ్వడం మొదలుపెట్టాడు. లక్షలమంది దాంతో నడిచారు. చిన్న ఊరి కోసం ఆలోచించి చేసిన పనిముట్టు అంటే అట్లా ఉండాలి. మన దగ్గరే కోయంబత్తూరు గంగా హాస్పిటల్‌లో ఎముకల సర్జన్ రాజశేఖరన్, ప్లాస్టిక్ సర్జన్ అయిన ఆయన సోదరుడు రాజసభాపతి ఒకే థియేటర్లో ఒకేసారి పనిచేసి, చితికిపోయిన కాళ్లను కాపాడే పద్ధతిని ప్రపంచానికి చూపారు. ఏ కాలు నిలుస్తుంది, ఏది నిలవదు అని తేల్చడానికి వాళ్లు తయారుచేసిన కొలతను బయటి దేశాలవాళ్లూ వాడుతున్నారు.

కృత్రిమ మేధ గురించి ఒక మాట. బ్రిటన్‌లోని వైద్య ప్రమాణాలు నిర్ణయించే నైస్ సంస్థ 2025 జనవరిలో, ఎక్స్‌రేలో ఎముక విరిగిన చోటును పట్టే నాలుగు సాఫ్ట్‌వేర్లను అత్యవసర విభాగాల్లో డాక్టరుకు తోడుగా వాడి చూడవచ్చని చెప్పింది. అర్ధరాత్రి ఒంటరిగా ఉన్న డాక్టరుకు అలాంటి తోడు పరకాలలోనే ఎక్కువ ఉపయోగం. అయితే రాత్రి ఎక్స్‌రే తీసే టెక్నీషియన్ ఉండాలి, కరెంటు ఉండాలి, ఫిల్ములు ఉండాలి. ఆ వరుస తప్పకూడదు.

కట్టు వైద్యం మాట లేకుండా తెలుగు నాట ఎముకల సంగతి పూర్తి కాదు. ఉమ్మడి చిత్తూరు జిల్లా పుత్తూరు కట్టుకు వందేళ్లు దాటిన పేరుంది. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు, గుడ్డ. అటు తమిళనాడు నుంచి కూడా జనం వస్తారు. పరకాల వైపు పల్లెల్లోనూ పసరు కట్టు కట్టేవాళ్లున్నారు. చర్మం చిట్లకుండా, పక్కకు జరగకుండా విరిగిన ఎముకను కదలకుండా పెడితే అది దానంతటదే అతుకుతుంది, కట్టు మనిషి చేసే మేలు అదే. కూలి పోగొట్టుకుని పట్నం పోలేని కుటుంబం అతని దగ్గరికి పోవడాన్ని తప్పు పట్టడం న్యాయం కాదు. కానీ కట్టు బిగువైతే నష్టం ఘోరం. లోపల వాపు పెరిగి, బయట కట్టు వదలక, రక్తం ఆడక, ఆరు గంటల్లో కండ చచ్చిపోవచ్చు. చెయ్యి కొంకిలా బిగుసుకుపోయిన పిల్లలు, కుళ్లి వేళ్లు తీసేయాల్సి వచ్చిన పిల్లలు ప్రతి ఎముకల వార్డులో కనిపిస్తారు. నొప్పి తగ్గకుండా పెరుగుతుంటే, వేళ్లు తిమ్మిరెక్కితే, వేళ్లను వెనక్కి వంచితే పిల్లవాడు కేక పెడితే, తెల్లారేదాకా ఆగకుండా కట్టు కోసేసి దవాఖానకు పోవాలి. పిండికట్టయినా సరే, ఇదే మాట. నైజీరియాలో కట్టు కట్టేవాళ్లకు శిక్షణ ఇచ్చినచోట ఇలాంటి నష్టాలు తగ్గాయని అక్కడి సర్జన్లు ప్రచురించారు. హ్యూ ఓవెన్ థామస్ ఇంటి నుంచే పుట్టింది ఆధునిక ఎముకల వైద్యంలో ఒక పెద్ద పాయ. మన కట్టు మనిషిని పిలిచి కూర్చోబెట్టి, ఏది కట్టొచ్చు, ఏది కట్టకుండా పంపాలి అని నేర్పడం వైద్య కాలేజీలకు చిన్నతనం కాదు.

రోడ్డు ఒక్కటే కాదు, తాటిచెట్టూ ఉంది. గీత కార్మికుడు మోకు జారి పడితే ఎక్కువగా విరిగేది నడుము దగ్గరి వెన్నెముక. పడ్డవాడిని నులక మంచంలో వేసి మోస్తారు, మంచం మధ్యలో కుంగుతుంది, వెన్ను వంగుతుంది, అప్పటిదాకా కదులుతున్న కాళ్లు చచ్చుబడవచ్చు. తలుపు చెక్క మీద, తలా మెడా నడుమూ ఒకే వరుసలో ఉంచి నలుగురు ఒకేసారి దొర్లించి ఎక్కించాలి. 2024 జులై 14న రంగారెడ్డి జిల్లా లష్కర్‌గూడలో తెలంగాణ ప్రభుత్వం కాటమయ్య రక్షణ కవచం పేరుతో, కొండలెక్కేవాళ్లు వాడే తరహా బెల్టులు, తాళ్లు గీత కార్మికులకు ఇవ్వడం మొదలుపెట్టింది. వెన్నెముకకు ఇప్పటిదాకా కనిపెట్టిన ఏ ఆపరేషన్ కన్నా ఆ బెల్టు గొప్పది. తెగిన వెన్నుపామును అతికించే విద్య ఇంకా ఎవరి దగ్గరా లేదు.

మొక్కజొన్న పట్టే మిషన్లో, గడ్డి కోసే మిషన్లో వేళ్లు తెగితే తెగిన వేలిని నేరుగా ఐసులో వేయకూడదు. తడి గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవర్లో మూటకట్టి, ఆ కవర్ను ఐసులో పెట్టి మనిషితోపాటే పంపాలి. చెయ్యి తెగితే ఆరు గంటలు దాటనీయకూడదు.

ముసలివాళ్లకు తుంటి ఎముక విరగడం ఇక పెరుగుతుంది. పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటారు, తల్లి తడి బండ మీద జారుతుంది. "ఈ వయసుల ఆపరేషన్ ఎందుకు" అని పడుకోబెడితే వీపు పుండ్లు, ఊపిరితిత్తుల్లో నెమ్ముతో పోతుంది. బ్రిటన్‌లో 36 గంటల్లోపు ఆపరేషన్ చేయడాన్ని లక్ష్యంగా పెట్టుకుని, చేసిన ఆస్పత్రికి ఎక్కువ డబ్బు ఇచ్చే పద్ధతి 2010లో తెచ్చారు. ఇక్కడ ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో పది లక్షలు చేశారు. డబ్బు సంగతి కొంత తేలింది, ఇక తొందర అలవాటు కావాలి.

ఆపరేషన్ అయ్యాక ఇంటికొచ్చిన మనిషిని మాత్రం అందరూ మరిచిపోతారు. అట్లా మరిచిపోని కథ ఒకటుంది. హైదరాబాదు నిమ్స్‌కు మూలం నిజాం ట్రస్టు కట్టించిన ఎముకల ఆస్పత్రే. అక్కడి సర్జన్ ఒకరు 1990ల్లో క్షిపణుల ప్రయోగశాలకు వెళ్లి, అగ్ని క్షిపణికి వాడే తేలికైన పదార్థాన్ని చేత్తో ఎత్తి చూసి, అబ్దుల్ కలాంను తన వార్డుకు తీసుకొచ్చాడు. పోలియో సోకిన పిల్లలు మూడు కిలోలకు పైగా బరువున్న ఇనుప కాలిపర్లు ఈడ్చుకుంటూ నడుస్తున్నారు. వారాల్లోనే మూడు వందల గ్రాముల కాలిపర్లు తయారయ్యాయి. తన పనుల్లో ఎంతో ఆనందం ఇచ్చిన వాటిలో ఇదొకటని కలాం చాలాసార్లు చెప్పారు. అదే శ్రద్ధ ఇప్పుడు కడ్డీ వేయించుకుని పరకాల పక్క పల్లెలో మంచం మీద ఉన్న కూలీకి కావాలి. మోకాలు ఎప్పటి నుంచి వంచాలి, కాలు మీద బరువు ఎప్పుడు మోపాలి, ఏ నొప్పికి భయపడాలి, ఏ నొప్పిని ఓర్చుకోవాలి అని చెప్పేవాళ్లు లేక బాగా అతికిన కాలు కూడా బిగుసుకుపోతుంది. ఆ మనిషికి ప్రభుత్వం ఇచ్చే వికలాంగుల పింఛను నెలకు 4,016 రూపాయలు. వారానికోసారి ఊరికొచ్చే ఒక ఫిజియోథెరపిస్ట్ ఉంటే ఎంతోమందికి ఆ పింఛను దరఖాస్తు రాయాల్సిన అవసరమే రాదు. పరకాల దవాఖానకు కొత్తగా ఏం కావాలో రాసే కాగితం మీద సీటీ స్కాన్ కన్నా పైన ఆ ఉద్యోగం పేరు రాయాలి.